నష్టం తగ్గిందా, లెక్క మారిందా?

సంపాదకులకు నమస్కారం.

డిస్కంల (ఇళ్లకు, పొలాలకు కరెంటు పంపిణీ చేసే కంపెనీల) వార్షిక పనితీరు మీద ఏటా పత్రికల్లో వార్త వస్తుంది. కొత్త సబ్‌స్టేషన్లు ఎన్ని, ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఎన్ని యూనిట్లు అమ్మారు, ఎన్ని కోట్లు వచ్చాయి, ఎన్ని రావాలి, ఇవన్నీ అయ్యాక చివర్లో ‘పంపిణీ నష్టాలు ఇంత శాతానికి తగ్గాయి’ అని ఒక వాక్యం ఉంటుంది. మిగతా అంకెలతో నాకు పేచీ లేదు. ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోతాను. కరెంటు ఆఫీసులో అకౌంట్స్ విభాగంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. విద్యుత్ బోర్డు ఉన్న రోజుల్లో చేరాను. 1999లో బోర్డు పోయి కరెంటు తయారుచేసే జెన్‌కో, దాన్ని దూరాలకు చేరవేసే ట్రాన్స్‌కో రావడం, మరుసటి ఏడాది డిస్కంలు పుట్టడం చూశాను. డిస్కం ఉద్యోగిగా రిటైరయ్యాను. ఏ డిస్కమో చెప్పను. ఇప్పుడక్కడ పనిచేస్తున్న పిల్లలను ఇబ్బందిపెట్టడం నాకిష్టం లేదు.

డిస్కం కొనే కరెంటుకు మీటరుంది. ఇంటికి, కొట్టుకు, ఫ్యాక్టరీకి అమ్మేదానికీ మీటరుంది. వ్యవసాయ మోటార్లలో చాలావాటికి లేదు. కొన్నదాంట్లోంచి మీటర్ల మీద అమ్మింది తీసేస్తే మిగిలేది రెండు కలిసిన మొత్తం: రైతు వాడుకున్నదీ, దారిలో పోయిందీ. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీస్తారన్నదే అసలు సంగతి. వంద యూనిట్లు కొని అరవై మీటర్ల మీద అమ్మారనుకోండి. మిగిలిన నలభైలో రైతు వాటా 24 అని రాస్తే నష్టం 16. అదే 28 అని రాస్తే నష్టం 12. ఒక్క తీగ మార్చకుండా, లైనుకు తగిలించిన ఒక్క కొక్కెం పీకకుండా, నష్టం నాలుగు శాతం తగ్గిపోయింది!

రైతు వాటా కింద రాసినదానికి ప్రభుత్వం నుంచి సబ్సిడీ వస్తుంది. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం అది ముందుగానే రావాలి. (ముందుగా వస్తుందో లేదో ఏ డిస్కం అకౌంట్స్ గుమాస్తానైనా అడగండి, నవ్వుతాడు.) నష్టం కింద రాసినది, చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ఒప్పుకున్న పరిమితి దాటితే మాత్రం ఆ భారం డిస్కం మీదే పడుతుంది. గీతను ఎటు జరపాలనిపిస్తుందో వేరే చెప్పాలా?

నేనేదో ఊహించి చెబుతున్నానని అనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల మధ్య వరకు బోర్డు చూపిన సరఫరా, పంపిణీ నష్టాలు 20 శాతం లోపే. విద్యుత్ సంస్కరణల మాట మొదలై, వ్యవసాయ వాడకం లెక్కను తిరగదోడాక అవే నష్టాలు 30 శాతం దాటాయి. ఆ రెండు మూడేళ్లలో లైన్లన్నీ ఒక్కసారిగా పాడైపోలేదు, దొంగలూ కొత్తగా పుట్టుకురాలేదు. అంతవరకు రైతు ఖాతాలో కూర్చున్న యూనిట్లు లేచి నష్టాల ఖాతాలోకి వెళ్లాయి. అప్పట్లో ఆఫీసులో పెద్ద టెన్షన్. మా పైవాళ్లకు అసెంబ్లీ ప్రశ్నలకు జవాబులు రాయడంతోనే సరిపోయింది.

ఆ తర్వాత పద్ధతి మెరుగైన మాట నిజమే. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పిన విధానంలో కొన్ని వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లను శాంపిల్‌గా ఎంచి, వాటికి మీటర్లు పెట్టి, వచ్చిన సగటుతో మొత్తం వాడకాన్ని అంచనా వేస్తారు. కాగితం మీద వంకపెట్టడానికేం లేదు. చిక్కంతా మీటర్ల దగ్గరే. పిడుగుకు కాలిపోయినవి కొన్ని. మీటరుకు కరెంటు కొలత అందించే సీటీ పోయినవి కొన్ని. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే కొత్తది బిగించి, మీటరును తిరిగి కలపకుండా దిమ్మె మీదే వదిలేసినవి మరికొన్ని. రీడింగు రాని నెలకు పోయిన ఏడాది అదే నెల అంకె చూసి వేయడం నా కళ్లతో చూశాను. పోయిన ఏడాది కరువు, ఈ ఏడాది చెరువులు అలుగు పోశాయి. అయినా అంకె అదే. పైగా రికార్డులో మూడు హెచ్‌పీ (హార్స్‌పవర్) అని ఉన్నచోట బోరులో ఐదు హెచ్‌పీ మోటారు ఉంటుంది. నాలుగుసార్లు వైండింగ్ చేయించిన మోటారు ఎంత లాగుతుందో పైనున్న ప్లేటు చూసి ఎవరూ చెప్పలేరు.

అయితే ప్రతి మోటారుకూ మీటరు బిగించమంటారా అని అడగవచ్చు. అనను. రైతు భయం ఉత్తిది కాదు. 1983లో ఎన్టీఆర్ వచ్చాక హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు కడితే చాలన్నారు. తర్వాత రేట్లు పెరుగుతూ వచ్చాయి. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. 2004లో వైఎస్ మొదటి సంతకంతో ఉచిత విద్యుత్ వచ్చింది. ఇంత జరిగాక మోటారు పక్కన మీటరు పెడితే, దాని వెనకాలే బిల్లు వస్తుందని రైతు అనుకోడా? శ్రీకాకుళం జిల్లాలో ముందుగా మీటర్లు పెట్టి చూసినప్పుడు రైతు సంఘాలు అన్నదీ అదే.

కానీ లెక్క తేల్చడానికి మోటారు దాకా వెళ్లక్కర్లేదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ప్రతి ఫీడరుకూ, అంటే అక్కడి నుంచి ఊళ్లకు వెళ్లే ప్రతి 11 కేవీ లైనుకూ మీటరుంటుంది. షిఫ్ట్ ఆపరేటర్ గంట గంటకూ లాగ్‌షీట్‌లో రీడింగు రాస్తాడు. వ్యవసాయ ఫీడర్లను విడదీసిన చోట ఆ రీడింగులోంచి 11 కేవీ లైనులోనూ, ట్రాన్స్‌ఫార్మర్లలోనూ పోయేది తీసేస్తే రైతు వాటా దాదాపుగా తేలుతుంది. ఫీడర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్లకు 2021లో మొదలైన ఆర్‌డీఎస్‌ఎస్ అనే కేంద్ర పథకంలో డబ్బు పెట్టారు. ఆ పథకం మొత్తం రూ.3,03,758 కోట్లు. అదే ఏడాది కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తెచ్చిన నిబంధనల ప్రకారం డిస్కంలు మూడు నెలలకోసారి ఎనర్జీ లెక్క తీయాలి, ఏడాదికోసారి బయటి ఆడిటర్‌తో ఆడిట్ చేయించాలి. పని జరగడం లేదని నేననను. ఆ వివరం మామూలు మనిషికి అర్థమయ్యే చోటికి, అర్థమయ్యే భాషలో రావడం లేదన్నదే నా బాధ. ఫలానా సబ్‌స్టేషన్, ఫలానా ఫీడర్, ఈ నెల ఇన్ని యూనిట్లు అని ఊరి పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తే చాలు. ఈ నెల మోటార్లు ఆడాయో లేదో ఊళ్లోవాళ్లకు తెలియదా?

తెలంగాణలో వ్యవసాయ కనెక్షన్లను వేరుచేసి మూడో డిస్కం కిందికి తేవాలన్న ప్రతిపాదన మీద నా అనుమానమూ ఇదే. విడదీసిన మరుసటి ఏడాది పాత రెండు డిస్కంల పుస్తకాలు మెరిసిపోతాయి. రేటింగ్ పెరుగుతుంది, అప్పు సులువుగా పుడుతుంది. మంచిదే. కాకపోతే మూడో డిస్కం తన కరెంటును ఏ మీటరు దగ్గర కొలిచి తీసుకుంటుందన్నది ముందే తేలాలి. తేలకపోతే ఇన్నాళ్లూ ఒకే పుస్తకంలో ఉన్న తికమక రెండు పుస్తకాల్లోకి పాకుతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం మా కాలం కన్నా కష్టం.

డిస్కంలు నవంబర్ చివరికల్లా వచ్చే ఏడాది ఆదాయ అవసరాల లెక్కలు ఈఆర్‌సీకి ఇవ్వాలి. ఆ తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి. వాటిలో ఎవరైనా మాట్లాడవచ్చు. లాయరు అక్కర్లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు. ఈసారి వెళ్లేవాళ్లు చార్జీలు పెంచవద్దనడంతో పాటు ఇదొక్కటి కూడా అడగండి: మీ శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్లలో పన్నెండు నెలలూ సరైన రీడింగు ఇచ్చినవి ఎన్ని? ఇవ్వని నెలలకు అంకె ఎక్కడి నుంచి తెచ్చారు? జవాబు నోటిమాటగా తీసుకోవద్దు. రాసి ఇమ్మనండి.

ఇట్లు,
విద్యుత్ శాఖ రిటైర్డ్ అకౌంట్స్ అధికారి