వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పరిచయాలు, మనకొచ్చిన పనులు

సభ్యులందరికీ నమస్కారం.

లెక్కల పత్రం విడిగా జత చేశాం, ఆడిట్ అయిపోయింది, సందేహాలుంటే కోశాధికారిని నేరుగా అడగండి. ఈ నివేదికలో ఎక్కువగా రాస్తున్నది ఒక్క విషయం గురించే, ఎందుకంటే కమిటీ ఏడాదంతా తల బద్దలు కొట్టుకున్నది దాని మీదే. చిన్న వ్యాపారం నడుపుకునేవాళ్లకి కొత్త క్లయింట్లు ఎక్కడి నుంచి వస్తారు, అందులో సంఘం చేయగలిగిందేమిటి?

మొదట సభ్యులందరినీ ఒకటే అడిగాం: ఇప్పుడు మీ దగ్గరున్న పెద్ద క్లయింటు మీకెలా తగిలారు? ఎవరో తెలిసినవాళ్లు చెబితే వచ్చారని చాలామంది అన్నారు. ఆ తెలిసినవాళ్లు ఎవరండీ అని ఇంకాస్త తవ్వితే, బంధువులు, ప్రాణస్నేహితుల పేర్లు వచ్చింది తక్కువ. పాత ఆఫీసులో పక్క సెక్షన్ మనిషి, ఎప్పుడో చిన్న పని చేయించుకుని వెళ్లినాయన, సరుకు వేసే సప్లయర్, ఇలాంటివాళ్లే ఎక్కువ. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో ఇదే ఉంది. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆయన అడిగితే, ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలుస్తుంటామన్నవాళ్లు 17 శాతానికి మించలేదు, మిగతావాళ్లంతా అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లే. మన దగ్గరివాళ్లకి తెలిసినదంతా దాదాపు మనకూ తెలిసే ఉంటుంది కదా, కొత్త కబురు బయటి నుంచే రావాలి. 2022లో ఉద్యోగ, వ్యాపార పరిచయాల వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా సభ్యుల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. ఉద్యోగం దొరకడానికి ఎక్కువ మేలు చేసింది ఓ మోస్తరు పరిచయాలేనని తేలింది, మరీ ముక్కూమొహం తెలియనివాళ్ల వల్ల అంత లాభం లేదు. రెండూ ఉద్యోగాల మీద జరిగినవే, కానీ మన సభ్యులు చెప్పినదానికి బాగా దగ్గరగా ఉన్నాయి.

అందుకే పెద్ద హాలు తీసుకుని వందలమందిని పిలిచే కార్యక్రమాలు ఈసారి తగ్గించాం. వాటిలో విజిటింగ్ కార్డులు చేతులు మారడం తప్ప పెద్దగా ఏమీ జరగట్లేదు. దానికి బదులు నెలవారీ సమావేశంలో బల్లకు ఆరేడుగురిని కూర్చోబెట్టి, ప్రతి ఒక్కరూ ఒక నిమిషంలో "నేనేం చేస్తాను" అని కాకుండా "నాకు ఎవరితో పరిచయం కావాలి" అని చెప్పాలని నియమం పెట్టాం.

దీంతో ఎంత తేడా వచ్చిందో చెప్పడానికి ఒక ఉదాహరణ. యూనిఫాంలు కుట్టించి ఇచ్చే సభ్యురాలు ఒకావిడ ప్రతి మీటింగ్‌లోనూ "ఎవరికైనా బట్టలు కుట్టించాల్సి వస్తే నాకు చెప్పండి" అనేవారు. అందరూ తలూపేవారు, మర్చిపోయేవారు. ఈసారి "కొత్తగా మొదలవుతున్న ఆసుపత్రుల్లో స్టాఫ్ యూనిఫాంలు చూసుకునే అడ్మిన్ మనిషితో ఒక్క పరిచయం కావాలి" అన్నారు. అదే బల్ల దగ్గరున్న ఏసీ సర్వీసింగ్ సభ్యుడు వెంటనే తలెత్తి, నేను వారం వారం వెళ్లే చోట అలాంటి అడ్మిన్ ఉన్నారండీ అన్నాడు. ఇద్దరూ ఏళ్లుగా మన సంఘంలోనే ఉన్నారు! ముందు శాంపిల్ ఆర్డర్ వచ్చింది, అది నచ్చి పూర్తి ఆర్డర్ ఇచ్చారు.

రెఫరల్, అంటే తెలిసినవాళ్ల దగ్గరికి మరో సభ్యుడిని పని కోసం పంపడం. అది ఇచ్చే పద్ధతి మీద మాత్రం ఇంకా గట్టిగా పని చేయాలి. ఫోన్ నంబర్ పంపేసి రెఫరల్ ఇచ్చామనుకుంటున్నారు చాలామంది. అవతలి మనిషికి ముందు ఫోన్ చేసి, ఫలానావాళ్లు మాట్లాడతారు, పని బాగా చేస్తారు అని చెప్పి, సరేనన్నాకే నంబర్ ఇవ్వండి. తీసుకున్నవాళ్లు ఒకటి రెండు రోజుల్లో ఫోన్ చేయాలి, పని కుదిరినా కుదరకపోయినా ఏమైందో చెప్పాలి. ఇలా చెప్పకపోవడం వల్లే ఈ ఏడాది కొందరు మంచి సభ్యులు రెఫరల్స్ ఇవ్వడం మానేశారు, అది నాకు నిజంగా బాధ కలిగించింది. మన మాట మీద నమ్మి పని ఇచ్చినవాళ్ల దగ్గర పోయేది మన పేరే.

పని చూపించినందుకు కమిషన్ తీసుకోవడం గురించి సర్వసభ్య సమావేశంలో వాదన బాగానే నడిచింది. లాయర్లు, డాక్టర్ల వంటి వృత్తుల్లో కమిషన్ ఇచ్చి పని తెచ్చుకోవడం చాలా చోట్ల నిబంధనలకు విరుద్ధం. మిగతా వ్యాపారాల్లో కూడా క్లయింటుకు తెలియకుండా ఎవరూ కమిషన్ తీసుకోకూడదని తీర్మానించాం.

ఒకే వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. 1905లో షికాగోలో మొదలైన రోటరీ క్లబ్బు, 1985లో మొదలైన బీఎన్‌ఐ అనే వ్యాపార రెఫరల్స్ సంస్థ ఆ పద్ధతిలోనే పెరిగాయి, పోటీ లేకపోతే రెఫరల్స్ సులువుగా తిరుగుతాయి, అది నిజమే. కానీ మనది అందరి సంఘం, ఒకే పని చేసే ఇద్దరున్నప్పుడు ఒకరి చేతి నిండా పనుంటే రెండోవారికి పంపడం ఈ ఏడాదే చూశాం. కమిటీ ఒప్పుకోలేదు.

వచ్చే ఏడాది నుంచి పాత క్లయింట్ల మీద దృష్టి పెడదాం. పని అప్పగించి, బిల్లు అంది, వాళ్లు సంతోషంగా ఉన్న రోజే "మీలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా" అని అడగడం మనలో చాలామందికి మొహమాటం. దాన్ని పోగొట్టడానికి జంటలుగా కూర్చుని మాట్లాడి ప్రాక్టీస్ చేసే సెషన్లు పెడుతున్నాం. మొదటి మీటింగ్‌కు వచ్చేటప్పుడు మీరు కలవాలనుకుంటున్న ముగ్గురు ఎలాంటివాళ్లో కాగితం మీద రాసుకుని రండి, బల్లలు దాన్నిబట్టే వేస్తాం.

మీ కార్యదర్శి