ఘాజీ కథ ప్రతి డిసెంబరులో ఇంకాస్త ఎందుకు పెరుగుతోంది?

సంపాదకుల వారికి నమస్కారం.

నేవీ డే దగ్గర పడిందంటే చాలు, పత్రికల్లో (మీది కూడా, ఏమీ అనుకోకండి) ఘాజీ కథ ఒకటి తప్పకుండా వస్తుంది. పాకిస్తాన్ జలాంతర్గామి దొంగచాటుగా విశాఖ తీరానికి రావడం, మన యుద్ధనౌక రాజ్‌పుత్ దాన్ని ముంచెయ్యడం, అందుకే మనం డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరుపుకోవడం. ఈ చివరి ముక్క తప్పండీ. నేవీ డే ఘాజీ కోసం కాదు. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేశాయి కదా, ఆపరేషన్ ట్రైడెంట్, దాని గుర్తుగా జరుపుతారు. ఘాజీ మునిగింది అంతకు ముందు రాత్రి, 3వ తేదీ వెళ్లి 4వ తేదీ వస్తున్న వేళ. రెండూ ఒకే తేదీ కింద పడేసరికి విశాఖ వాళ్లం ఆ పండగని మన ఊరి ఖాతాలో రాసేసుకున్నాం.

నేను విశాఖలోనే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు మా వీధి పిల్లలకి దయ్యాల కథలతో పనిలేదు, ఘాజీ ఉండేది. అది హార్బరు లోపలికి దూరిపోయిందని ఒకడు, మన విమానవాహక నౌక విక్రాంత్ పక్కనే నక్కిందని ఇంకొకడు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి చూస్తే నీళ్లలో ఇప్పటికీ నల్లగా కనిపిస్తుందని మా పెదనాన్న గారి అబ్బాయి. వాడి మాట నమ్మి ఆ వైపు ఎంతసేపు కళ్లు చికిలించి చూసేవాళ్లమో. ఇప్పటి పిల్లలు ఇంకో మెట్టు పైన ఉన్నారు, బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామే ఘాజీ అనుకుంటున్నారు. ఒక పెద్దాయన మనవడికి అలాగే చెబుతుంటే నేనే విన్నాను. కురుసుర మనదేనండీ బాబూ, సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరింది, 2001లో రిటైరై మరుసటి ఏడాది ఇసుకలోకి వచ్చింది.

పెద్దయ్యాక ఆ పిచ్చి వదలకపోగా ముదిరింది. దొరికినవన్నీ చదివాను, ఇటు వాళ్లవీ అటు వాళ్లవీ. చదివిన కొద్దీ నాకు తెలిసింది ఏమిటంటే, చిన్నప్పుడు విన్న కథ కన్నా అసలు కథే బాగుంది. మరి దాన్ని వదిలేసి ఏటా ఆ పాతదానికే ఇంకో పూత ఎందుకు పూస్తామో నాకు అర్థం కాదు.

మొదట ఆ ఓడ పుట్టుక చూడండి. అది పాకిస్తాన్‌లో కట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా కట్టుకున్న జలాంతర్గామి, పేరు డయాబ్లో. 1944 డిసెంబరులో నీళ్లలోకి దించారు, 1945 మార్చిలో అమెరికా నేవీలో చేరింది. జపాన్ మీద యుద్ధానికని 1945 ఆగస్టు 10న పెర్ల్ హార్బర్ నుంచి బయలుదేరింది, కొన్నాళ్లకే యుద్ధం ఆగిపోయింది, ఒక్క టార్పెడో వెయ్యకుండానే వెనక్కి మళ్లింది. 1964లో దాన్ని పాకిస్తాన్‌కి అద్దెకిచ్చారు. అప్పటికి మన నేవీకి ఒక్క జలాంతర్గామి కూడా లేదు, మొదటిది కల్వరి 1967 డిసెంబరులో గానీ రాలేదు. అంటే 1965 యుద్ధంలో నీటి కింద తిరిగేది వాళ్లకే ఉంది, మనకి లేదు. ఆ యుద్ధంలో ఘాజీని బొంబాయి వైపు పంపింది కూడా విక్రాంత్ కోసమే. అప్పుడు విక్రాంత్ బొంబాయిలో డ్రై డాక్‌లో మరమ్మతులో ఉంది! ఆరేళ్ల తరువాత మళ్లీ అదే విక్రాంత్ కోసం విశాఖ దాకా వచ్చింది, అప్పుడూ విక్రాంత్ అక్కడ లేదు. ఒకే ఓడ కోసం రెండు యుద్ధాల్లో వెతుక్కుంటూ వచ్చి రెండుసార్లూ కనపడక పోవడం, ఏ కథారచయితా ఇంత ధైర్యం చెయ్యడు. ఈ ముక్క మాత్రం డిసెంబరు కథనాల్లో నేను చూడలేదు.

1971 నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయలుదేరింది. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ కెప్టెన్. పాకిస్తాన్ దగ్గర ఫ్రెంచి వాళ్ల దగ్గర కొన్న కొత్త జలాంతర్గాములు మూడున్నా, శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చి వెళ్లగల సత్తా ఉన్నది ఈ పాతదానికే. కానీ పాతది పాతదే. మధ్యలో ఒకసారి పెద్ద మరమ్మతుకని టర్కీకి పంపాల్సి వచ్చింది, సూయజ్ కాలువ మూసి ఉన్న రోజులు కాబట్టి ఆఫ్రికా మొత్తం చుట్టి వెళ్లింది. సముద్రంలో మైన్లు, అంటే మందుపాతరలు, పెట్టే ఏర్పాటు కూడా దానికి ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ఇక మన వైపు. తూర్పు నౌకాదళానికి అప్పుడు వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ అధిపతి. విక్రాంత్‌కి బాయిలర్ ఒకటి పగుళ్లు తేలి అనుకున్నంత వేగంతో పోలేని పరిస్థితి, జలాంతర్గామి వెంటపడితే తప్పించుకోవడం కష్టం. ఆయన దాన్ని ముందుగానే అండమాన్ వైపు పంపించేసి, ఇక్కడే ఉందని నమ్మించే పని మొదలుపెట్టాడు. ఎలా అంటారా, విశాఖ బజారు సాయంతో! కాంట్రాక్టర్లకి పెద్ద పెద్ద ఆర్డర్లు, మాంసం, కూరగాయలు, ఒక నౌకాదళం మొత్తానికి సరిపడా. అంత సరుకు కొంటుంటే ఊళ్లో మాట్లాడుకోరా, మాట్లాడుకుంటే గూఢచారుల చెవిన పడదా, అదే లెక్క. రాజ్‌పుత్ సముద్రంలో తిరుగుతూ తానే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపుతూ ఉండేది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక టెలిగ్రాం. విక్రాంత్‌లో పనిచేసే ఓ నావికుడు జబ్బుగా ఉన్న వాళ్లమ్మ ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు, రహస్యం లేకుండా ఎవరైనా వినేలా పంపించారు. రహస్య సంకేతాల్లో పంపితే అనుమానం రావచ్చు గానీ, అమ్మకి బాగోలేదంటే శత్రువు మాత్రం అనుమానిస్తాడా? మరోవైపు ఘాజీ ఇటు వస్తోందని మన వాళ్లకి తెలియడానికి కారణం కూడా అంత చిన్నదే. జలాంతర్గాములు, మైన్లు ఏరే ఓడలు మాత్రమే వాడే ఒక రకం లూబ్రికేషన్ ఆయిల్ గురించి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని చిట్టగాంగ్‌కి వచ్చిన సందేశం మన వాళ్లకి దొరికింది. ఆయిల్ అడిగారు కాబట్టి జలాంతర్గామి వస్తోంది అని కృష్ణన్ పట్టేశాడు.

డిసెంబరు 3 రాత్రి. సాయంత్రమే పాకిస్తాన్ విమానాలు పడమటి వైపు మన స్థావరాల మీద బాంబులు వేశాయి, అర్ధరాత్రి వేళ ఇందిరా గాంధీ రేడియోలో మాట్లాడారు. ఆ సమయానికే రాజ్‌పుత్ హార్బరు దాటి బయటికి వస్తోంది. రాజ్‌పుత్ కూడా కొత్తదేమీ కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు రోథర్‌హామ్ అన్న పేరుతో నడిపిన డిస్ట్రాయర్, 1949లో మన చేతికొచ్చింది. దాని కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. ముందు నీళ్లలో ఏదో కలకలం కనిపించి ఆయన రెండు డెప్త్ చార్జ్‌లు వెయ్యించాడు. అంటే పేలుడు మందు నింపిన డ్రమ్ములు, ఎంత లోతుకి పోయాక పేలాలో ముందే అమర్చి నీళ్లలో పడేస్తారు. కొద్ది నిమిషాలకి భారీ పేలుడు, బీచ్ వైపు ఇళ్ల కిటికీలు గడగడలాడాయి. తెల్లారాక నీటి మీద నూనె తెట్టు, తేలుతున్న సామాను, వాటిని ముందు చూసింది నేవీ వాళ్లు కాదు, వేటకి వెళ్లిన మన జాలర్లు. లైఫ్ జాకెట్ ఒకటి వాళ్లే పట్టుకొచ్చారు. తరువాత డైవర్లు దిగి ఘాజీయేనని తేల్చారు, ముందు భాగం బద్దలై ఉంది.

ఇక్కడి నుంచే తగువు. మన నేవీ మాట, రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల వల్ల మునిగిందని. పాకిస్తాన్ మాట, ప్రమాదవశాత్తు, తాను పెట్టిన మైన్లే పేలి మునిగిందని. మన నేవీలోనే పనిచేసిన పెద్ద అధికారులు కొందరు లోపలే పేలుడు జరిగి ఉండవచ్చని రాశారు, బ్యాటరీలు చార్జ్ చేసేటప్పుడు వచ్చే హైడ్రోజన్ వాయువు అంటుకుని ఉండవచ్చని కూడా ఒక వాదన ఉంది. సైన్యం తూర్పు కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉండి ఆ యుద్ధం నడిపిన జనరల్ జేకబ్ కూడా 2010లో నేవీ చెప్పే కథని నమ్మలేదు. అదే ఏడాది ఇంకో వార్త వచ్చింది, ఘాజీ మునకకి సంబంధించిన పత్రాలు 1980లోనే ధ్వంసం చేసేశారని. చదివిన రోజు నిజంగా నిద్ర పట్టలేదు. దేశభక్తి మీద ఇన్ని ఉపన్యాసాలిచ్చే మనం, సొంత విజయం కాగితాలని దాచుకోలేకపోయాం!

నన్నడిగితే, ముందు భాగమే బద్దలవడం చూస్తే లోపలి పేలుడో సొంత మైనో అనే నాకు అనిపిస్తుంది, దాన్ని రెచ్చగొట్టింది రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లు కావచ్చు, కాకపోవచ్చు. ఇలా అంటే కొందరికి కోపం వస్తుంది, మన నేవీ ఘనత తగ్గిస్తున్నావా అని. తగ్గేదేముంది? ఘాజీ ఏ కారణంగా పేలినా, విక్రాంత్ లేని విశాఖ ముందు అది పడిగాపులు పడి ఉండటం కృష్ణన్ వేసిన ఎత్తు ఫలితమే. డిసెంబరు 4న విక్రాంత్ మీంచి లేచిన విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చెయ్యగలిగాయంటే దానికి కారణం కూడా అదే. కూరగాయల ఆర్డర్లతో, ఒక దొంగ టెలిగ్రాంతో సాధించిన పని. దీన్ని వదిలేసి రెండు డ్రమ్ముల చుట్టూనే కథ తిప్పితే కృష్ణన్‌కే అన్యాయం చేసినట్టు.

ఇంకో సంగతి. పాకిస్తాన్ లెక్క ప్రకారం అందులో 93 మంది ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. వాళ్లు ఇప్పటికీ మన హార్బరు ముందే ఉన్నారు. పైకి తీస్తామని అమెరికా, సోవియట్ యూనియన్ ముందుకొచ్చినా మనం ఒప్పుకోలేదంటారు. దాన్ని అలాగే వదిలెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. "శత్రువుల శవపేటిక" లాంటి హెడ్డింగులు పెట్టే వాళ్లకి ఒక్క మాట చెప్పాలి. అదే డిసెంబరు 9న అరేబియా సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హాంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది, కెప్టెన్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. వాళ్ల గురించి కరాచీ పత్రిక ఏదైనా అలాంటి హెడ్డింగు పెడితే మనకి ఎలా ఉంటుంది?

విశాఖ నీళ్లలో ఘాజీ ఒక్కటే లేదని కూడా ఎంతమందికి తెలుసు? 1944 ఫిబ్రవరి 11న జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110 ఇక్కడే మునిగింది. వరసగా వెళ్తున్న ఓడల్లోంచి అస్ఫాలియన్ అనే బ్రిటిష్ ఓడ మీద టార్పెడో వేసింది, రక్షణగా ఉన్న జమున అనే రాయల్ ఇండియన్ నేవీ ఓడా, ఆస్ట్రేలియా వాళ్లవి లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి దాన్ని ముంచేశాయి. నౌకాదళం 2024లో మునిగిన జలాంతర్గాముల్లో చిక్కుకున్న వాళ్లని కాపాడటానికి నీటి అడుగుకి వెళ్లే తన వాహనంతో ఘాజీనీ, దీన్నీ గుర్తించింది. ఆ వార్త తెలుగు పత్రికల్లో ఎంత చిన్నగా వచ్చిందో! 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన సంగతి మా అమ్మమ్మ తరం చెబుతూ ఉండేది, అది సినిమాల్లోకి రాలేదు కాబట్టి మర్చిపోయాం.

సంపాదకుల వారిని నేను అడిగేది పెద్దదేమీ కాదు. నేవీ దగ్గర పత్రాలు పోయి ఉంటే పోయాయి, మనుషులు ఇంకా పోలేదు. 1971లో పెదజాలరిపేటలో ఇరవై ఏళ్లున్న వాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. ఆ ఉదయం ఏ తెప్ప ఎటు వెళ్లింది, నూనె తెట్టు ఎక్కడ కనిపించింది, పట్టుకొచ్చిన సామాను ఎవరికి అప్పగించారు, ఇప్పటికీ ఆ చోట వలలు తగులుకుంటున్నాయా, ఇవన్నీ వాళ్ల నోటితో వినాలి. ఆ రోజుల్లో నేవీకి సరుకు వేసిన కాంట్రాక్టర్ల కుటుంబాలు ఊళ్లోనే ఉండి ఉంటాయి, పాత బిల్లు పుస్తకం ఒక్కటి దొరికినా బంగారమే. హార్బరు పైలట్లు, డాక్ యార్డులో రిటైరైన వాళ్లు, ఆ రాత్రి కిటికీ అద్దాలు పగిలిన ఇళ్ల వాళ్లు. మీ విశాఖ విలేకరుల్లో ఓపికున్న ఒకరిని ఈ పని మీద పెట్టండి. చెప్పినవాటిలో పొంతన కుదరకపోతే కుదరనట్టే అచ్చు వెయ్యండి, సరిదిద్దకండి. మా వైపు నుంచి సాయం కావాలంటే నాలాంటి పిచ్చివాళ్లు విశాఖలో ఇంకొందరున్నారు, జాలరిపేటకి తోడు వస్తాం, తేదీలూ పేర్లూ సరిచూసి పెడతాం. ఫొటో కాపీల ఖర్చు మాదే.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు,
విశాఖపట్నం