పాలమూరుకు రావాల్సిన కారు మానుకోటకు పోయింది

మహబూబ్‌నగర్,
29 నవంబరు 2025

టాక్సీ కంపెనీ కస్టమర్ కేర్ పెద్దలకు,

పెద్దలు అని మర్యాదకు రాస్తున్నాను. మీ ఆఫీసులో అసలు పెద్దమనిషి ఎవరైనా ఉన్నారో లేరో పదిహేను రోజులుగా ఫోన్లు చేస్తున్నా నాకు తెలియలేదు. ఒక్కో ఫోనుకు ఒక్కో కొత్త గొంతు పలుకుతుంది. ప్రతి గొంతుకూ కథ మొదటి నుంచి చెప్పాలి. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. కనీసం దీన్నైనా చివరిదాకా చదవండి. మధ్యలో హోల్డ్‌లో పెట్టి పాట వేయడం కాగితంతో కుదరదు కాబట్టి నాకు కొంచెం ధైర్యంగా ఉంది.

నవంబరు 14, కార్తీక శుక్రవారం. మా అమ్మకు 82 ఏళ్లు. అలంపురం జోగులాంబకు ఒడిబియ్యం పోయాలని రెండేళ్లుగా అడుగుతోంది. కర్నూలులో మా చెల్లెలుంది. పొద్దున బయల్దేరి అమ్మవారిని చూసుకుని, చెల్లెలింట్లో భోంచేసి, చీకటి పడేసరికి ఇల్లు చేరాలని అనుకున్నాం. ఇక్కడి నుంచి కర్నూలు 120 కిలోమీటర్లకు అటూ ఇటూ. భూత్పూరు దగ్గర 44వ నంబరు హైవే ఎక్కితే (మా వయసువాళ్లకు అది ఇంకా ఏడో నంబరు రోడ్డే) కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి. అక్కడ వంతెన మీద అమ్మ కృష్ణలో రూపాయి వేయాలి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకోవాలి. ఎండ ముదరక ముందే అలంపురం చౌరస్తాలో లోపలికి తిరిగితే దర్శనం తీరిగ్గా అవుతుంది. మళ్లీ హైవే ఎక్కి పుల్లూరు టోలు, తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు.

ఇదంతా నేను ఊహలో కట్టుకున్నది కాదు. మీ మనిషితో ముందురోజు ఇరవై నిమిషాలు మాట్లాడి ఖాయం చేసుకున్నాను. తుంగభద్ర దాటితే వేరే రాష్ట్రం, బండికి అక్కడి పర్మిట్ ఉందా అని అడిగాను. ఉందన్నాడు. టోళ్ల డబ్బులు విడిగా అడుగుతారా, 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే కదా పడేది అని కూడా అడిగాను. అంతా ప్యాకేజీలోనే సార్ అన్నాడు. నా చిరునామా, మెట్టుగడ్డ గుర్తు, పిన్‌కోడ్ 509001 అన్నీ చెప్పి మళ్లీ అతనితో చదివించుకున్నాను. 1,500 రూపాయలు అడ్వాన్సు కట్టాను.

అమ్మ నాలుగింటికే లేచి తలస్నానం చేసింది. ఐదింటికల్లా గద్వాల చీర కట్టుకుని, కాళ్లకు చెప్పులు వేసుకుని గేటు పక్కన అరుగు మీద కూర్చుంది. ఒళ్లో ఒడిబియ్యం మూట. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, పైన మడతపెట్టిన ఆకుపచ్చ రవికె గుడ్డ. చలికి మూటను రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చుంటే పసుపు ఆమె అరచేతులకు అంటుకుంది.

5.40కి మీ యాప్ మోగింది. ‘మీ డ్రైవర్ వచ్చేశారు.’ బయటికి చూస్తే పాలవాడూ, వాడి వెంట ఒక కుక్కా తప్ప ఎవరూ లేరు. డ్రైవరుకు ఫోన్ చేశాను.

“సార్, నేను స్టేషన్ ముందర్నే ఉన్న. మీరేడున్నరు?”

స్టేషన్ మాకూ ఉంది కదా. స్కూటరు తీసి పోయాను. ఆ చలిలో స్టేషన్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. తెల్ల కారు కనబడితే చాలు, అద్దంలోంచి తొంగిచూశాను. ఒకాయన నన్ను దొంగ అనుకుని కిందికి దిగాడు. మళ్లీ ఫోన్ చేసి, బాబూ అసలు నువ్వు ఏ ఊళ్లో ఉన్నావు అని అడిగితే, అతను కాసేపు ఆగి చెప్పాడు: “మానుకోట సార్.”

మానుకోట అంటే మహబూబాబాద్. మాది మహబూబ్‌నగర్, అంటే పాలమూరు. మధ్యన 250 కిలోమీటర్లకు పైనే. అప్పుడు చూశాను, యాప్‌లో బండి నంబరు టీఎస్ 26తో మొదలైంది. మా జిల్లా బండి నంబరు 06. ముందే చూడాల్సింది, ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో తప్పు ఒప్పుకున్నది ఇప్పటివరకు నేనొక్కణ్ణే. ఆ డ్రైవరు బంగారంలాంటి మనిషి. “పెద్దమ్మను తోల్కపోదామని పొద్దుగాల్నే బండి కడిగిన సార్” అని బాధపడ్డాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అతన్ని ఏమీ అనకండి.

ఇక మీ వాళ్ల దగ్గరికి వస్తాను.

మొదటి ఫోన్ 5.58కి. ఒక అమ్మాయి. విషయమంతా విని, “లొకేషన్ మ్యాచ్ అవుతోంది సార్, డ్రైవర్ మీ పికప్ పాయింట్‌లోనే ఉన్నారు” అంది. నా పికప్ పాయింట్‌లో నేనున్నానమ్మా, అతను లేడు అన్నాను. “ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి” అంది. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ ఒకే సంగీతం, నడుమ నడుమ ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అని ఒకరు. తర్వాత కట్.

రెండోసారి ఒకాయన. చాలా ఓపికగా నాకు భూగోళం పాఠం చెప్పాడు. “రెండూ ఒకటే కదా సార్, కొంచెం స్పెల్లింగ్ తేడా.” అయ్యా, మా ఊరికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టి 135 ఏళ్లయింది, అప్పట్నుంచీ ఇది మహబూబ్‌నగరే, ఇంకో ఊరు కాదు అన్నాను. “సిస్టంలో అలా లేదు సార్” అన్నాడు. నిజాం మీ సిస్టంకు అప్‌డేట్ ఇవ్వకుండా పోయినట్టున్నాడు.

మూడో మనిషి ఆ ఇద్దరికన్నా మేలు. రెండూ వేరే ఊళ్లని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, “అదే బండిని మీ దగ్గరికి పంపిస్తాం సార్, ఐదు గంటల్లో వచ్చేస్తుంది” అన్నాడు. పదకొండింటికి బండెక్కి అలంపురం పోయి, కర్నూలు పోయి, చీకటి పడేలోగా ఇంటికి రావాలట. ఇంకో బండి ఇవ్వండి, ఇక్కడ మీకు బండ్లు లేవా అంటే, “కొత్త బుకింగ్ చేసుకోండి” అన్నాడు. చేస్తే, కార్తీకమాసం శుక్రవారం కదా, బండ్లేవీ లేవని అదే యాప్ చెప్పింది.

బస్టాండు దగ్గర టాక్సీలవాళ్లను కూడా అడిగి చూశాను. ఉన్న ఒక్క బండికీ ఆంధ్ర పర్మిట్ లేదు. పుల్లూరు దాకా వస్తా, ఆపైన రాను అన్నాడు, రేటు మాత్రం రెండింతలు చెప్పాడు. ఆర్టీసీ బస్సెక్కి అలంపురం చౌరస్తాలో దిగి, అక్కడ ఆటో మారి, మళ్లీ రావడం అమ్మ మోకాళ్లతో కాని పని.

ఎనిమిదింటికి అమ్మ చెప్పులు విప్పింది. “ఇంగ రాదులే బిడ్డా” అంది. అప్పటిదాకా ‘ఇంగ ఎప్పుడొస్తదిరా’ అని ఒక్కసారైనా అడగలేదు. కర్నూలులో మా చెల్లెలు ఎనిమిది మందికి వండిపెట్టుకుని మధ్యాహ్నం రెండు దాకా చూసింది.

సరే, ఇది అక్కడితో అయిపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను. ఆరోజు సాయంత్రం మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ‘కస్టమర్ పికప్ పాయింట్‌లో లేనందున ట్రిప్ రద్దయింది. నో-షో చార్జీ 600 రూపాయలు మీ అడ్వాన్సు నుంచి మినహాయించబడింది.’ నేను లేనట! మా ఇంటి ముందు, మా అమ్మ పక్కన, చలిలో నిలబడ్డ నేను లేను. మీ రికార్డులో నేను మాట ఇచ్చి రాని మనిషిని. అరవై ఏళ్లు దాటాక ఈ పేరు మోయాలా?

తర్వాత మెయిల్ చేశాను. క్షణంలో జవాబొచ్చింది, 48 గంటల్లో స్పందిస్తామని. ఆ 48 గంటలు ఏ లోకపు లెక్కో గాని ఇంకా పూర్తి కాలేదు. చాట్‌లో ప్రయత్నిస్తే అక్కడ మనిషి కూడా లేడు, మిషను. ‘పిన్‌కోడ్ తప్పు, ఊరు తప్పు’ అని రాస్తే ‘మీరు బిల్లు గురించి అడుగుతున్నారా?’ అంది. కాదని నొక్కితే ‘మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం’ అంది. సూపర్‌వైజరు ఫోన్ చేస్తారని ముగ్గురు చెప్పారు. ఫోన్ దగ్గర పెట్టుకుని స్నానానికి పోవడం మానేశాను. చివరికి ఏమొచ్చిందో తెలుసా? వంద రూపాయల కూపన్. వాడదామని చూస్తే, అది మహబూబాబాద్ నుంచి బయల్దేరే ప్రయాణాలకు మాత్రమేనట. పరాచికాలాడుతున్నారా అని అడగడానికైనా ఒక మనిషిని చూపించండి.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పోస్టాఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ భాగం ఉత్తరాలు సార్టింగ్ చేసే పనే. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ తికమక మీరు కొత్తగా కనిపెట్టింది కాదు. దాన్ని నేను కళ్లు మూసుకుని విడదీసేవాణ్ణి. మాకు 509001, వాళ్లకు 506101. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది ఇలాంటి గోల తప్పించడానికే. పిన్ రాయని కార్డయితే వెనక పంపినవాళ్ల ఊరు, లోపలి రాతలో బంధువుల పేర్లు చూసి పోల్చుకునేవాళ్లం. అయినా ఒక్కోటి దారి తప్పి వచ్చేది. వస్తే ‘మిస్‌సెంట్’ అని ముద్రకొట్టి ఆ రోజు సంచిలోనే తిరిగి పంపేవాళ్లం. అర్ధ రూపాయి కార్డుకు కూడా, తప్పు పోస్టాఫీసుదేనని దాని ముఖానే ముద్ర ఉండేది. అడ్రసుదారుడు ఇంట్లో లేడని ఎవరూ రాసేవాళ్లు కాదు. మీకు 1,500 కట్టిన మనిషికి ఆ ముద్ర దక్కలేదు.

ఇంకోటి. శ్రీశైలం నీళ్లలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయిగా విప్పి, మోసుకొచ్చి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. మా అమ్మ చిన్నప్పుడు ఆ గుడిని కూడవెల్లిలోనే చూసింది. ఒక గుడినే ఊరు తప్పకుండా చేర్చిన చోటికి మీరు ఒక్క కారును పంపలేకపోయారు.

మీరేమీ కొత్తవాళ్లు కాదు మాకు. 2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచినప్పుడు మా అమ్మాయిని శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు చేర్చింది మీ బండే. అప్పట్నుంచీ మా కాలనీలో ఎవరికి బండి కావాలన్నా మీ యాపే చూపించాను. ఇప్పుడు వాకింగ్‌లో వాళ్లే అడుగుతున్నారు, “మానుకోట ఎట్లుంది సార్, బాగ తిరిగొచ్చిండ్రా” అని.

నా డబ్బులు మొత్తం వాపసు కావాలి, 1,500. అందులో 600 పట్టుకుని 900 ఇస్తే తీసుకోను. అంతకన్నా ముఖ్యం, రికార్డులో ‘కస్టమర్ లేరు’ అన్న మాట కొట్టేసి, బండి వేరే ఊరికి పోయిందని రాసి ఆ కాపీ నాకు పంపాలి. ఇంకా, మీలో ఒక మనిషి, మిషను కాదు, మా అమ్మకు ఫోన్ చేసి తప్పు మాదని ఒక్క ముక్క చెప్పాలి. ఆమె ఎక్కువ మాట్లాడదు, భయపడకండి. రోజూ పూజ గదిలో మేకుకు వేలాడే మూటను చూసి, కంపెనీవాళ్లు ఏమన్నరు బిడ్డా అని అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు.

డిసెంబరు 15 దాకా చూస్తాను. ఆ తర్వాత 1915కు ఫోన్ చేస్తాను. అది కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల హెల్ప్‌లైను, అక్కడా పాట వేస్తారేమో గాని కట్ చేయరనుకుంటున్నా. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఐదు లక్షలలోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. వకీలు అక్కర్లేదు, నేనే వాదించుకుంటాను. రిటైరైనవాడికి ఉన్నదే టైము. వాయిదాకు మీ మనిషిని పంపేటప్పుడు మాత్రం ఏ ఊరో సరిగ్గా చెప్పి పంపండి.

మామూలుగా ఇలాంటివి రిజిస్టర్డ్ పోస్టులో వేసేవాణ్ణి. ఈ ఏడాది దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు, అందుకని స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకు మీ ఆఫీసులో చేరిందో నాకు తెలుస్తుంది. కవరు మీద మీ పిన్‌కోడ్ రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒకవేళ తప్పు చోటికి పోతే మీరు కంగారుపడకండి, మా వాళ్లు ముద్రకొట్టి నాకే తిరిగి పంపిస్తారు.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
రిటైర్డ్ సార్టింగ్ అసిస్టెంటు,
మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్ - 509001
(మహబూబాబాద్ కాదు)