మావాడికి కార్డు రావట్లేదండీ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒక తండ్రి ఆఫీసుకి ఫోన్ చేసి, "మావాడికి కార్డు రావట్లేదండీ, రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు" అన్నారు. ఫోనెత్తిన మా గుమాస్తాగారు పాపం ఐడీ కార్డుల డబ్బా అంతా తిరగేసి, "ఆరో తరగతివన్నీ ఇచ్చేశాం కదా మేడమ్" అంటూ నా గదికి వచ్చారు. తీరా కనుక్కుంటే ఆ అబ్బాయికి రానిది యుకులేలే అనే నాలుగు తీగల చిన్న గిటార్ మీద బీ ఫ్లాట్ కార్డు.

ఈ నెల ఉత్తరం ఆ కార్డు గురించే. యూనిట్ పరీక్షల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి.

శనివారం ఆఖరి పీరియడ్లో యుకులేలే మొదలుపెట్టిన కొత్తలో ఇళ్లన్నీ సంబరంగా ఉన్నాయి. సీ కార్డుకి ఒక్క వేలు చాలు. ఏ (A) మైనర్‌కీ అంతే. ఎఫ్‌కి రెండు. వారం తిరక్కుండా పిల్లలు పాట వాయించి వీడియోలు కూడా పంపారు. ఆ తర్వాత సంగీతం మాస్టారు బోర్డు మీద బీ ఫ్లాట్ గీశారు. వీడియోలు ఆగిపోయాయి.

తాతయ్యలు, అమ్మమ్మల కోసం ఒక మాట. కార్డంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం. ఒకటో శ్రుతిలో షడ్జమం, అంతర గాంధారం, పంచమం మూడూ కలిపి మీటితే అదే సీ మేజర్. మన సంగీతంలో స్వరం ఒకదాని వెంట ఒకటి నడుస్తుంది, ఇక్కడ జట్టుగా వస్తుంది. అందుకే వేళ్లన్నీ ఒకేసారి దిగాలి, ఒక్కటి ఆలస్యమైనా తెలిసిపోతుంది.

బీ ఫ్లాట్‌కి చూపుడు వేలిని మొదటి మెట్టు (ఫ్రెట్)లో పడుకోబెట్టి, నేలవైపున్న రెండు తీగలనూ దానితోనే నొక్కాలి. మధ్య వేలు రెండో మెట్టులో సీ తీగ (పైనుంచి రెండోది) మీద, ఉంగరం వేలు మూడో మెట్టులో జీ తీగ (అన్నిటికంటే పైది) మీద. వినడానికి ఇంతే. చిక్కంతా ఆ పడుకున్న వేలితోనే. వేలి కణుపు దగ్గరి గీతలో తీగ ఇరుక్కుంటే 'టప్' మని మూగబోతుంది. పైగా మొదటి మెట్టు దగ్గర తీగ బిర్రుగా ఉంటుంది, దండి చివర అది ఆనుకునే గట్టు పక్కనే కాబట్టి. పిల్లవాడికి బలం లేదని మనం అనుకుంటాం. నిజానికి వేలిని రవ్వంత పక్కకి ఒరిగించి, ఎముక ఉన్న వైపు తీగకి తగిలేలా పెడితే సగం బాధ పోతుంది.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, జూలై నుంచి వెనక బెంచీలో నేనూ కూర్చుంటున్నాను. రెండు వారాలు మణికట్టు పీకింది. మాస్టారు వచ్చి చూసి, "మేడమ్, గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నారు" అన్నారు. బొటనవేలు దండి మీదుగా పైకి వచ్చేసింది. దాన్ని వెనక్కి, దండి మధ్యకి దించగానే మిగతా వేళ్లకి చోటు దొరికింది. మా పక్క బెంచీ ఏడో తరగతి అమ్మాయి ఆ సంగతి నాకంటే వారం ముందే గమనించిందట. పెద్దదాన్ని కదా, చెప్పడానికి మొహమాటపడింది.

మాస్టారు చెప్పిన ఉపాయం ఇంకోటుంది, నాకు బాగా నచ్చింది. అదే వేళ్ల అమరికను రెండు మెట్లు పైకి జరపండి. చూపుడు వేలు మూడో మెట్టులో, మధ్య వేలు నాలుగులో, ఉంగరం వేలు అయిదులో. అక్కడ తీగ కాస్త మెత్తగా లొంగుతుంది. మోగేది సీ మేజరే! మొదటి రోజు ఒక్క వేలితో వాయించిన కార్డే, వేరే ఇంటి అడ్రసులో. అక్కడ కుదిరాక ఒక మెట్టు దిగితే బీ, ఇంకో మెట్టు దిగితే బీ ఫ్లాట్. పిల్లల్ని నేరుగా మొదటి మెట్టుకి తోయకుండా ఇలా పైనుంచి దింపుకుంటూ వస్తున్నాం.

ఈ (E) మేజర్ కార్డు సంగతి వేరు. నాలుగో మెట్టులో మూడు వేళ్లు ఇరికించాలి. సన్న వేళ్లవాళ్లు దూర్చేస్తున్నారు, నావల్ల కావడం లేదు. ఏ (A) శ్రుతిలో ఉన్న పాటయితే చాలాచోట్ల దాని బదులు ఈ సెవెన్ (E7) అనే కార్డు వేసుకున్నా అందంగానే ఉంటుంది, మాస్టారు ఒప్పుకుంటారు. మీరు దాన్ని దొంగదారి అనకండి.

ఇంట్లో మీరు చేయగలిగింది కొంచెమే. చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, పాట వాయించు" అనకండి. అలా అడిగితే పిల్లలు వచ్చిన సులువు పాటనే వందసార్లు వాయిస్తారు. "నాలుగు తీగలూ ఒక్కొక్కటిగా మీటు, ఏది మోగట్లేదో విందాం" అనండి. రోజుకి అయిదు నిమిషాలు చాలు. వేలి కొస మంట పుట్టడం మామూలే, మణికట్టు నొప్పంటే మాత్రం ఆపించండి. ఎడమచేతి గోళ్లు కత్తిరించండి. కొత్త తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి, బిరడాలు తిప్పి శ్రుతి చేయకుండా "తప్పు వాయిస్తున్నావు" అని కసరకండి.

వీణ, వయొలిన్ ఉండగా ఈ బొమ్మ గిటార్ ఎందుకని ఒక తాతగారు అడిగారు. వయొలిన్ కూడా బయటినుంచి వచ్చిందే కదండీ. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. ఇక యుకులేలేది హవాయి. 1879లో మదీరా దీవి నుంచి చెరకు తోటల పనికి ఓడలో హొనొలులు చేరిన పోర్చుగీసువాళ్ల చిన్న తీగవాద్యం అక్కడ ఈ రూపం తీసుకుంది. ఆ శతాబ్దంలోనే మన కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకి ఓడలెక్కినవాళ్లున్నారు. వాళ్లు మూటల్లో ఏ వాద్యం పట్టుకెళ్లారో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

చివరగా, కొన్న వాద్యమే సరిగ్గా లేకపోవచ్చు. మూడో మెట్టులో తీగ నొక్కి, మొదటి మెట్టు దగ్గర సందు చూడండి. పలచని కాగితం పట్టేంత ఉంటే సరి. అంతకంటే ఎత్తుగా ఉంటే పిల్లవాడు ఎంత నొక్కినా లాభం లేదు. అలాంటివి వచ్చే శనివారం పంపించండి, మాస్టారు చిన్న ఆకురాయితో గట్టు మీద గాట్లు సరిచేస్తారు.

అన్నం తినని అబ్బాయి సంగతి అడుగుతున్నారు. నాలుగు తీగల్లో మూడు మోగుతున్నాయి. నాకూ మూడే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు