పాత గేర్ సైకిల్ వెనుక చక్రం: కొలిచాకే కొనండి

సంపాదక మహాశయా,

పాత మౌంటెన్ బైక్ వెనుక రిమ్ వంకరపోతే చాలామంది దుకాణానికి వెళ్లి "26 అంగుళాల చక్రం ఇవ్వండి" అంటారు. ఆ ఒక్క మాట చాలదు. టైరు పక్క గోడ మీద 559 (రిమ్ మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మి.మీ.లో) అని ఉంటే అది మౌంటెన్ బైక్‌ది. 26×1 3/8 టైరుకు ఆ కొలత 590. ఒకదాని రిమ్‌కు రెండోది పట్టదు.

చక్రం తీసి ఫ్రేము వెనుక కాళ్ల మధ్య లోపలి దూరం కూడా కొలవాలి. మౌంటెన్ బైక్‌లలో ఎక్కువగా 135 మి.మీ., మరీ పాతవాటిలో 130 లేదా 126. స్టీలు ఫ్రేమును పనితెలిసిన మెకానిక్ కాస్త సాగదీయగలడు. అల్యూమినియం ఫ్రేముతో ఆ పని వద్దే వద్దు, పగులుతుంది.

అసలు చిక్కు పళ్లచక్రాల దగ్గరే. వాటిని వెనక్కి తిప్పి చూడండి: మధ్యలో టూల్ పట్టే గాడులు కూడా తిరిగితే అది చక్రం నడిమి హబ్ మీదికి జారించి లాక్‌రింగ్‌తో బిగించే క్యాసెట్, కదలకపోతే మరతో బిగించే ఫ్రీవీల్. ఒకదాని హబ్‌కు మరొకటి ఎక్కదు. 8, 9 స్పీడ్ (అన్ని పళ్లచక్రాలు పట్టే) హబ్ మీద 7 స్పీడ్ క్యాసెట్ వేస్తే దాని వెనుక ఖాళీ నింపే 4.5 మి.మీ. స్పేసర్ రింగు తప్పనిసరి. లేకుంటే లాక్‌రింగ్ బిగిసినా పళ్లు ఊగుతాయి. రిమ్ బ్రేకుల సైకిల్‌కు డిస్క్ బ్రేకుల కోసం చేసిన రిమ్ అంటగట్టడం మాత్రం ప్రమాదం, బ్రేకు రబ్బరు ఆనే చదును అంచు దానికి ఉండదు.

దుకాణదారులు ఈ కొలతలను రసీదు మీద రాసివ్వాలి.

– ఒక సైకిల్ మెకానిక్, వరంగల్