ఆ తెలుగు మాటలు రాసిన వారి పేరు తెర మీద ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

గత శనివారం ఉదయం విజయవాడలోని ఒక మల్టీప్లెక్సులో, వచ్చే శుక్రవారం విడుదల కానున్న ఒక విదేశీ యానిమేషన్ చిత్రాన్ని తెలుగు అనువాదంలో ముందుగా చూసే అవకాశం మాకు కలిగింది. మా మనవరాలు చదివే పాఠశాలకు కొన్ని ఆహ్వానాలు అందగా, ఒక్కొక్క పిల్లకు తోడుగా ఇంటి నుంచి ఒక పెద్దను రమ్మన్నారు. విడుదలకు ముందు కథ బయటపెట్టవద్దని నిర్వాహకులు కోరారు కనుక, ఆ మాటకు కట్టుబడి సినిమా పేరు కూడా ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పదలచుకున్న విషయం ఆ ఒక్క సినిమాకే పరిమితమైనది కూడా కాదు.

ముందుగా నిర్వాహకులను మెచ్చుకోవాలి. పిల్లల సినిమాను పిల్లలు మెలకువగా ఉండే వేళలో, ఉదయం పది గంటలకు వేశారు. త్రీడీ కళ్లజోళ్లు చిన్న ముఖాలకు వదులై జారిపోతుంటే చాలామంది పిల్లలు రెండు చేతులతో పట్టుకునే చూశారు గానీ, ఆ రెండు గంటలలో లేచి వెళ్లిపోదామని మారాం చేసిన పిల్ల నాకు కనిపించలేదు. దానికి కారణం బొమ్మల అందం ఒక్కటే కాదని, ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన అనుభవంతో గట్టిగా చెప్పగలను. ఆ పిల్లలు వింటున్నది మంచి తెలుగు. వారిలో ఎక్కువమంది ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నవారే అయినా, నవ్వవలసిన చోట పక్కవారి ముఖం చూసి కాకుండా, మాట చెవిన పడీ పడగానే నవ్వారు.

ఒక ఉదాహరణ చెబుతాను. కథలో ఒక ముసలి ఎలుగుబంటి మాడిపోయిన దుంపను ఆబగా తిని, బండరాయి మీదనే గుర్రు పెట్టి నిద్రపోతుంది. పక్కనున్న కుందేలు నిట్టూర్చి, ‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అంటుంది. ఇంగ్లీషులో ఆ కుందేలు ఏమన్నదో నాకు తెలియదు, కానీ తెలుగులో ఆ సామెత అక్కడ అతికినంత బాగా మరొక మాట అతకదు. ఆ రాత్రి భోజనాల దగ్గర పచ్చడి మెతుకులు గబగబా తింటున్న తన అన్నను చూసి మా మనవరాలు అదే సామెత అన్నది. తరగతి గదిలో సామెతలు ఎన్నో వల్లె వేయించాను గానీ, ఎనిమిదేళ్ల పిల్ల ఒక సామెతను విన్న రోజే, సరైన సందర్భంలో, తన సొంత మాటగా వాడడం నేను చూసింది చాలా తక్కువ.

అనువాద చిత్రానికి మాటలు రాయడం ఎంత కష్టమో పాఠకులలో చాలామందికి తెలిసే అవకాశం లేదు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. మన తెలుగు మాటలు దాదాపుగా అచ్చులతో ముగుస్తాయి, అంటే మాట అయిపోయేసరికి నోరు తెరుచుకుని ఉంటుంది. ఇంగ్లీషు మాటలు చాలావరకు హల్లులతో ముగుస్తాయి. తెర మీద బొమ్మ పెదవులు కదిలింది ఇంగ్లీషు మాటకు కాబట్టి, ఆ పెదవులు మూసుకున్న చోట తెలుగు మాటలో ప, బ, మ వంటి అక్షరమో, మకారంగా పలికే సున్నతో ముగిసే పదమో పడాలి, లేకపోతే మాట ఒక దారిన, మూతి ఒక దారిన పోతాయి. ఈ సినిమాలో తప్పిపోయిన పిల్ల ఎలుగుబంటి ఒకచోట ‘ఇంటికి పోదాం’ అని మెల్లగా అంటుంది. ఇంగ్లీషులో ‘హోమ్’ అనే మాటతో మూసుకున్నట్టున్న ఆ పెదవులకు ‘పోదాం’లోని సున్న సరిగ్గా సరిపోయింది. ఆ మాట తెలుగు పిల్లలెవరైనా సహజంగా అనేదే కావడం వల్ల ఆ అతుకు ఎవరికీ కనబడలేదు.

వాక్య నిర్మాణంలో చిక్కు ఇంతకంటే పెద్దది. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదనడం కూడా చివరనే వస్తుంది. ‘నేను నిన్ను ఎప్పటికీ వదలను’ అన్నప్పుడు వదలడం లేదన్న సంగతి వాక్యం ముగిస్తే గానీ తెలియదు. ఇంగ్లీషులో ఆ నిరాకరణ మొదట్లోనే వచ్చేస్తుంది, బొమ్మ కూడా అక్కడే తల అడ్డంగా ఊపుతుంది. రచయిత దానిని ‘వదలను నిన్ను, ఎప్పటికీ’ అని తిప్పి రాయాలి, అలా తిప్పినా కృతకంగా వినబడకూడదు. ఇక పిలుపుల సంగతి. ఇంగ్లీషులో ఎదుటివారు ఎవరైనా ఒకటే సర్వనామం. మనకు నువ్వు వేరు, మీరు వేరు, ఒరేయ్ వేరు. ముసలి తాబేలును ‘తాతా’ అని పిలిపించాలని, తోడేలు దొర దగ్గరకు వచ్చేసరికి అందరి నోటా ‘మీరు’ పలికించాలని, చివరి పోరాటంలో ఆ ‘మీరు’ను ‘నువ్వు’గా మార్చాలని నిర్ణయించింది ఇంగ్లీషు రచయిత కాదు. ఆ ‘నువ్వు’ వినబడిన క్షణంలో హాలులో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పూర్తిగా మన తెలుగు రచయితవి.

లోపాలు లేవని అనను. ఒక పాటలో బాణీకి మాత్రలు చాలక ‘చిలుక’ను ‘చిలూక’ అని సాగదీశారు. గురులఘువులు తెలిసినవారు రాసే పాటలో అలా జరగకూడదు. కథకు కీలకమైన ఒక ఉత్తరం తెర మీద ఇంగ్లీషులోనే ఉండిపోయింది. దానిని చదివి వినిపించే గొంతు కూడా లేకపోవడంతో, నా వెనుక వరుసలో ఒక తండ్రి తన చిన్న కొడుకుకు దాన్ని గొంతు తగ్గించి చదివి చెప్పవలసి వచ్చింది. అలాంటి చోట నేపథ్యంలో ఒక్క వాక్యం చదివించినా సరిపోయేది.

అయితే నన్ను ఈ ఉత్తరం రాయించింది ఆ లోపాలు కావు. సినిమా ముగియగానే పేర్లు మొదలయ్యాయి. బొమ్మలు గీసినవారు, వాటికి వెలుగునీడలు అద్దినవారు, జుట్టు కదలికను తీర్చినవారు, ఇలా వందల పేర్లు పైకి సాగిపోయాయి. వారందరూ గౌరవానికి అర్హులే, వారి శ్రమ లేనిదే ఈ సినిమా లేదు. కానీ తెలుగు మాటలు రాసిన వారి పేరు, ఆ ఎలుగుబంటికీ కుందేలుకూ గొంతు ఇచ్చిన వారి పేర్లు, పాటలను తెలుగు చేసిన వారి పేరు ఎక్కడా కనబడలేదు. హాలు ఖాళీ అయ్యే వరకూ కూర్చుని చూశాను. బయట ఒక నిర్వాహకుణ్ణి అడిగితే ఆయన మర్యాదగానే, తమకు ఆ వివరాలు పంపలేదని చెప్పారు. గోడ మీది పోస్టరులో మాత్రం ఒక ప్రముఖ నటుడి గొంతు ఇందులో ఉందని పెద్ద అక్షరాలతో వేశారు.

తారల గొంతుల మీద నాకు అభ్యంతరం లేదు. 2019లో వచ్చిన ‘ది లయన్ కింగ్’ తెలుగు అనువాదంలో సింబాకు నాని, 2024 డిసెంబరులో వచ్చిన ‘ముఫాసా’లో ముఫాసాకు మహేశ్ బాబు గొంతు ఇవ్వడం వల్ల ఇంటిల్లిపాదీ తెలుగులోనే చూద్దామనుకున్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. అది మేలే. నేను అడుగుతున్నది, ఆ తార పలికిన మాటను రాసినవారి పేరు, ఆ తారకు ఎదురుగా పలికిన తక్కిన గొంతుల పేర్లు కూడా ఎక్కడో ఒకచోట నమోదు కావాలని. మన అనువాద చిత్రాల చరిత్రకు మొదట్లోనే ఒక మహాకవి పేరు ఉంది. 1950లో వచ్చిన తొలి తెలుగు అనువాద చిత్రం ‘ఆహుతి’కి మాటలు రాసింది శ్రీశ్రీ. ఆ తరువాత రాజశ్రీ, వెన్నెలకంటి వంటివారు ఈ పనిని ఒక విద్యగా సాధన చేశారు. పక్క భాషల నుంచి వచ్చే పెద్దల చిత్రాలకు అనువాద రచయిత పేరు వేసే అలవాటు మన దగ్గర ఉండగా, విదేశాల నుంచి వచ్చే పిల్లల చిత్రాల దగ్గర దానిని వదులుకోవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. సెన్సారు బోర్డు సైతం అనువాదానికి విడిగా ధ్రువపత్రం ఇస్తుంది, సినిమాకు ముందు తెర మీద కనిపించే ఆ పత్రంలో భాష పేరు స్పష్టంగా ఉంటుంది. నియమం దృష్టిలో తెలుగు సినిమాగా విడుదలవుతున్నప్పుడు, దానిని తెలుగు చేసినవారికి తెర మీద పది క్షణాల చోటు దొరకకపోవడం న్యాయం కాదు.

పంపిణీదారులకు ఇది ఖర్చుతో కూడిన పని కాదు. కథ ముగిసిన వెంటనే, పిల్లలు ఇంకా కుర్చీల్లో ఉండగానే, తెలుగు లిపిలో ఒకే ఒక్క పలక వేస్తే చాలు. చివరి పేర్ల జాబితా అడుగున వేస్తే ఎవరూ చూడరు కనుక మొదటే వేయమని నా మనవి. కూడబలుక్కుని చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు అంత పెద్ద తెర మీద తెలుగు అక్షరాలు కనబడడం కూడా తక్కువ సంగతి కాదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. విదేశీ యానిమేషన్ చిత్రం వచ్చినప్పుడు మీ సినిమా పేజీలో వచ్చే సమీక్షలు కథ గురించి, బొమ్మల గురించి, వసూళ్ల గురించి చెబుతున్నాయి గానీ తెలుగు ఎలా ఉన్నదో ఒక్క వాక్యమైనా చెప్పడం అరుదు. దయచేసి మీ సమీక్షకులను తెలుగు అనువాదానికే పంపండి. మాటలు బాగుంటే బాగున్నాయని, పాటలో ‘చిలుక’ ‘చిలూక’ అయితే అయిందని రాయించండి. 2025 జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ను చూడడానికి తాతలు, మనవలు కలిసి థియేటర్లకు రావడం మనమందరం చూశాం. అలా వచ్చే కుటుంబాలు టికెట్టు కొనే ముందు తెలుసుకోవాలనుకునేది, పిల్లలకు తెలుగులో చూపించవచ్చునా, ఇంగ్లీషులోనే నయమా అన్నది. ఆ సంగతి చెప్పగలిగింది మీరే.

ఈ సినిమా సమీక్ష వచ్చే శుక్రవారం తరువాత మీ పత్రికలో వస్తుందని ఆశిస్తున్నాను. మీ విలేకరులు అడిగితే పంపిణీ సంస్థ తప్పక వివరాలు ఇస్తుంది. ఆ సమీక్షలో మాటల రచయిత పేరు వేయగలిగితే దానిని మా మనవరాలికి చూపిస్తాను. కుందేలు చెప్పిన సామెత రాసింది ఎవరని ఆ పిల్ల అడిగి వారం కావస్తోంది, నా దగ్గర ఇంకా జవాబు లేదు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
విజయవాడ.