2024 వార్షిక నివేదిక: కజియాడో మాసాయి పల్లెలతో మన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నైరోబీలోని మన తెలుగు సంఘం సేవా విభాగం డబ్బులో పెద్ద వాటా గడ్డికే వెళ్లింది. జనరల్ బాడీలో "గడ్డికా?" అని చాలామంది అడిగారు కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను.

కజియాడో కెన్యాలో నైరోబీకి దక్షిణాన ఉన్న కౌంటీ, పశువుల్ని మేపుకుని బతికే మాసాయిల నేల. అక్కడ ఏడాదికి రెండు వానకాలాలు, ఒకటి మార్చి నుంచి మే దాకా, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2020 చివరి నుంచి 2022 చివరి దాకా వరసగా ఐదు వానకాలాలు మొహం చాటేశాయి. నైరోబీలో మనకు కూరగాయల ధరలు పెరిగాయి, అక్కడ మందలే పోయాయి. మాసాయి ఇంట్లో ఆవు అంటే పిల్లలకు పాలు, పెళ్లిలో ఆడపిల్ల వాళ్లకు ఇచ్చే కన్యాశుల్కం, స్కూలు ఫీజు, ఊళ్లో మాటకు విలువ, అన్నీ అదే. సరే కరువు తీరిందనుకుంటే 2024 ఏప్రిల్, మే నెలల్లో వరదలొచ్చాయి. గడ్డి లేక గట్టిపడిన నేలలో నీరు ఇంకదు, ఉన్న పైమట్టిని కూడా ఊడ్చుకుపోతుంది.

అందుకే అక్కడి ఆడవాళ్ల సంఘం మనల్ని అడిగింది కంచె తీగ, తవ్వకానికి కూలి. వాలు నేలలో అర్ధచంద్రాకారంలో గుంతలు తవ్వి, మట్టిని కింది వైపు గట్టుగా పోస్తారు. పైనుంచి జారే నీరు అక్కడ ఆగి ఇంకుతుంది, గడ్డి మొలుస్తుంది. కంచె లోపల పెరిగిన గడ్డి గింజలు దులిపి అమ్ముతారు, మిగిలింది ఎండుమేత. దూడలకు, బక్కచిక్కిన పశువులకు ఇంటి దగ్గర కొంత మేత నేల అట్టే పెట్టుకోవడం మాసాయిలకు పాత అలవాటే, దాన్ని ఓలోపోలోలి అంటారు. కాబట్టి అక్కడ ఎవరికీ ఏదీ నేర్పాల్సిన పని పడలేదు. సాహివాల్ ఆవుల సంకరాలు ఆ మందల్లో చాలా కనిపిస్తాయి, మన ఉపఖండం నుంచి వచ్చిన జాతి. వాటిని చూసి మనవాళ్లు తెగ సంబరపడ్డారు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందైన విషయం. 1968 చట్టంతో మాసాయి నేలలు, ఒక గుంపంతా ఉమ్మడి హక్కుతో వాడుకునే గ్రూప్ రాంచ్‌లయ్యాయి, తర్వాత వాటిని ఇంటింటికీ ముక్కలు చేసి పట్టాలిచ్చారు, ముక్కలైన నేల అమ్ముడుపోవడం మొదలైంది. కిటెంగెలా వైపు వెళ్తే ప్లాట్ల బోర్డులు మీరే చూస్తారు. కరువొస్తే మందను దూరం తోలుకుపోవడమే మాసాయిల బీమా, మధ్యలో కంచెలొస్తే ఆ దారి మూసుకుపోతుంది. మనలోనూ కొందరు అటువైపు ప్లాట్లు చూస్తున్నారని తెలుసు. కొనేముందు, లీజుకు తీసుకునేముందు అది పశువుల దారో కాదో ఊరి పెద్దల్ని అడగండి. ఒక చేత్తో గడ్డి పెంచి ఇంకో చేత్తో దారి మూయకూడదు, ఇది నా గట్టి అభిప్రాయం.

సంస్కృతి వైపు పని ఇంకా చిన్నదే. మాసాయి మగపిల్లల్ని దీక్షకు సిద్ధం చేసే ఎన్కిపాటా, యోధుల జుట్టు గీయించి పెద్దరికం వైపు నడిపించే ఎయునోటో, యోధ దశ ముగించి పెద్దల్లో కలిపే ఓల్‌ంగెషెర్, ఈ మూడింటినీ యునెస్కో 2018లో తక్షణం కాపాడాల్సిన వారసత్వం జాబితాలో చేర్చింది. బడిలో స్వాహిలీ, ఇంగ్లిషు నడుస్తాయి, ‘మా’ అనే మాసాయిల భాషలో కథలు, పశువుల పేర్లు, చెట్ల మందులు తెలిసినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. ఊళ్లోని కుర్రాళ్లు ఫోన్లతోనే వాళ్లను రికార్డు చేస్తున్నారు, మనం రికార్డర్లు, హార్డ్ డిస్కులు కొనిచ్చాం. రికార్డింగులు వాళ్ల దగ్గరే ఉంటాయి, ఏది బయటికి ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో వాళ్ల పెద్దలే తేలుస్తారు. మన వాట్సాప్ గ్రూపులో క్లిప్పులు పెట్టమని అడగొద్దు.

"సంస్కృతి కాపాడతామంటున్నారు, మరి ఆడపిల్లలకు చేసే జననాంగాల కోత మాటేంటి?" అని ఒక సభ్యురాలు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. కెన్యాలో 2011 చట్టం దాన్ని నేరం చేసింది. అంతకన్నా ముఖ్యం, మాసాయి ఆడవాళ్లే కోత లేని వేడుకలు నడిపిస్తున్నారు, పాటలు, ఆశీర్వాదాలు అన్నీ ఉంటాయి, కత్తి మాత్రం ఉండదు. ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో వాళ్లే తేల్చుకుంటున్నారు. మన వంతుగా ఆడపిల్లల సెకండరీ హాస్టల్ ఫీజులు కట్టాం, ఈ పద్దు తగ్గించకూడదని కమిటీ అంతా ఒకే మాట మీద ఉంది.

దీపావళి స్టాల్లో పూసల నగలు బాగానే అమ్ముడుపోయాయి, డబ్బు ఎం-పెసాలో, అంటే ఫోన్ ద్వారా, నేరుగా తయారుచేసిన వాళ్లకే వెళ్లింది. దయచేసి అక్కడ బేరం ఆడకండి, ఒక పెద్ద మెడపట్టీ వెనక రోజుల తరబడి పని ఉంటుంది. ఉగాదికి మాసాయి నృత్యం పెట్టించాలన్న ప్రతిపాదన మీద చర్చ జరిగింది. పిలిస్తే తగిన పారితోషికం ఇచ్చి, మనతో పాటు భోజనానికి కూర్చోబెట్టి, ఆ పాట గురించి వాళ్లనే మైకులో చెప్పనిద్దాం. అలా కుదరకపోతే పిలవొద్దని నిర్ణయించాం.

లెక్కలు కోశాధికారి విడిగా పంపుతున్నారు.

వచ్చే ఏడాది పెద్ద పని నీటి కుంట పూడిక. వరదకి సగం మట్టితో నిండింది, మార్చి వానలకు ముందే తీయాలి. తెలంగాణలో చెరువుల పూడిక పనులు దగ్గరుండి చూసిన సివిల్ ఇంజనీర్లు మన సంఘంలో ఉన్నారు, జనవరిలో ఒక శనివారం వచ్చి కొలతలు చూసి పెడితే చాలు. తీసిన మట్టి ఎక్కడ పోయాలో ఆడవాళ్ల సంఘం ఇప్పటికే చోటు చూపించింది. రాగలిగినవాళ్లు కార్యదర్శికి పేరివ్వండి.

సేవా విభాగం తరఫున
కన్వీనర్